ఐపీ ఫోన్లలో ఎకో: సాఫ్ట్‌వేర్‌తో సరిపోతుందా, హార్డ్‌వేర్ కార్డే కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు ఆఫీసు. నాలుగు లాండ్‌లైన్లు, పాత డెస్క్‌టాప్ మీద ఆస్టరిస్క్ (కంప్యూటర్‌నే ఆఫీసు ఎక్స్ఛేంజీగా నడిపే ప్రోగ్రామ్), అందులో నాలుగు పోర్టుల ఎఫ్‌ఎక్స్‌ఓ కార్డు (లాండ్‌లైన్లను కంప్యూటర్‌కు కలిపేది), లోపల పద్నాలుగు ఐపీ ఫోన్లు (మాటను నెట్‌వర్క్ మీద పంపేవి). బయటి కాల్ మాట్లాడితే చాలు, మిల్లు వాళ్ళకు తమ మాటే మళ్ళీ చెవిలో పడుతోంది. లోపల ఫోన్ నుంచి ఫోన్‌కు మాట్లాడుకుంటే మాత్రం ఏ గోలా లేదు. కార్డు అమ్మినాయన “హార్డ్‌వేర్ ఎకో క్యాన్సిలేషన్ ఉన్న కార్డు వేయండి, వేరే మందు లేదు” అంటున్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ఎకో తీసేయడానికి సాఫ్ట్‌వేర్ చాలంటున్నారు. సేటు గారేమో ఖర్చు పెట్టాలా వద్దా ఒక్క మాటలో చెప్పమంటున్నారు.

ఒక్క మాటలో అయితే: నాలుగు అనలాగ్ లైన్లకు సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, ఇప్పుడే కార్డు కొనకండి. కాకపోతే లైన్ బ్యాలెన్స్ (కార్డూ తీగా ఒకదానికొకటి తూగడం) సరిగ్గా ఉండాలి, గెయిన్ (మాటను ఎంత పెంచుతున్నామన్నది) అదుపులో ఉండాలి, కంప్యూటర్ ఊపిరాడక కొట్టుకోకూడదు. ఈ మూడూ సర్దకుండా హార్డ్‌వేర్ కార్డు వేస్తే ఎకో కొంత తగ్గుతుంది, పోదు. సర్దితే చాలాసార్లు కార్డు అవసరమే రాదు. అదే 30 ఛానళ్ళ పీఆర్‌ఐ లైన్ (ఒకే డిజిటల్ లైన్ మీద 30 కాల్స్) మీద రోజంతా కాల్స్ నడిచే ఆఫీసైతే నేను రెండో ఆలోచన లేకుండా హార్డ్‌వేరే వేయిస్తాను. నల్లగొండ, పాలమూరు వైపు మిల్లులకు, ఆసుపత్రులకు, చిట్‌ఫండ్ ఆఫీసులకు ఇవే బిగించడం నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు ఎకో ఎక్కడ పుడుతుందో చూద్దాం. లాండ్‌లైన్ అంటే రెండు తీగలు. పోయే మాటా, వచ్చే మాటా ఆ రెండు తీగల మీదే కలిసి నడుస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం ఈ రెండూ విడివిడిగా కావాలి. విడదీసే సర్క్యూట్ పేరు హైబ్రిడ్. మీ కార్డులో ప్రతి పోర్టుకూ ఒక హైబ్రిడ్ ఉంది, ఎక్స్ఛేంజీలో ఒకటి ఉంది, అవతలి మనిషిది కూడా లాండ్‌లైనే అయితే అటువైపూ ఇంకొకటి. తక్కెడకు పాసంగం కట్టినట్టు, హైబ్రిడ్ లోపల బయటి లైన్ గుణానికి సమానమైన నకలు సర్క్యూట్ ఒకటి ఉంటుంది. బయటి తీగా లోపలి నకలూ సమంగా తూగితే మీ మాట మొత్తం లైన్ మీదికే పోతుంది. తూగకపోతే అందులో కొంత మీ రిసీవ్ వైపుకే కారిపోతుంది. ఆ కారిందే మీ చెవిలో పడే ఎకో.

మరి మామూలు ఫోన్ పెట్టుకున్నప్పుడు ఇది ఎందుకు లేదు అంటారా? అప్పుడూ ఉంది. కాకపోతే రెండు మూడు మిల్లీసెకన్లలో తిరిగొచ్చేసేది, మన గొంతు మనకు రిసీవర్‌లో ఎలాగూ కొంచెం వినబడుతుంది కాబట్టి అందులో కలిసిపోయేది. ఐపీ ఫోన్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా ప్యాకెట్ చేస్తుంది. అవతల, ముందూ వెనకగా వచ్చే ప్యాకెట్లను సర్దే జిట్టర్ బఫర్ ఇంకో ముప్పయ్యో నలభయ్యో ఆపుతుంది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే తంతు. కారిన మాట తిరిగొచ్చేసరికి వంద మిల్లీసెకన్లు ఇట్టే దాటుతుంది, అప్పుడు చెవి దాన్ని విడిగా పట్టుకుంటుంది. అంటే ఐపీ ఎకోను పుట్టించలేదు, ముందే ఉన్నదాన్ని బయటపెట్టింది. వెనకటి ఎస్‌టీడీ బూత్‌ల నుంచి విదేశాలకు మాట్లాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒక్కోసారి మన మాట మనకే అర సెకను తరువాత వినబడేది. ఆ కాల్ 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా ఎక్కి దిగేది, ఒక్కో వైపుకే పావు సెకను పట్టేది. ఎకో క్యాన్సిలర్‌ను (ఎకోను తీసేసే సర్క్యూట్ లేదా ప్రోగ్రామ్) అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1960లలో మొదలుపెట్టడానికి ఆ ఉపగ్రహ కాల్సే కారణం.

ఇక్కడే చాలామంది తప్పుదారి పట్టే సంగతి ఒకటి ఉంది. ఎకో ఎవరికి వినబడుతుందో తప్పు వాళ్ళ వైపు ఉండదు, ఎదురు వైపు ఉంటుంది. మీ మిల్లు వాళ్ళకు తమ మాట వినబడుతోందంటే అది లైన్ వైపు నుంచి తిరిగొస్తోంది, అంటే కార్డు హైబ్రిడ్ దగ్గరో ఇంకా అవతలో. ఐపీ ఫోన్లు మార్చి లాభం లేదు. అదే బయటి నుంచి చేసే వ్యాపారి “అన్నా, నా మాటే నాకు మల్ల వినొస్తుంది” అంటే అప్పుడు చూడాల్సింది మీ టేబుల్ మీది ఫోన్.

అందుకే క్యాన్సిలర్ ఎక్కడ కూర్చుందన్నది అది చిప్పా ప్రోగ్రామా అన్నదానికంటే ముఖ్యం. హైబ్రిడ్‌కు వీలైనంత దగ్గర కూర్చోవాలి. మీ కార్డులో హార్డ్‌వేర్ మాడ్యూల్ పెట్టినా, కార్డును ఆస్టరిస్క్‌కు కలిపే డాహ్దీ డ్రైవర్‌లో సాఫ్ట్‌వేర్ నడిపినా రెండూ ఒకే చోట, లైన్ గుమ్మంలోనే ఉంటాయి. ఇంటర్నెట్ దాటి అవతల కూర్చున్న క్యాన్సిలర్ ఆ పని చేయలేదు, ఎందుకంటే ప్యాకెట్ల ఆలస్యం క్షణక్షణం మారుతుంటుంది, మధ్యలో కొన్ని పోతుంటాయి కూడా. క్యాన్సిలర్ నేర్చుకునేది స్థిరంగా ఉన్న దారినే.

అది నేర్చుకునే పద్ధతి ఇలా ఉంటుంది. లైన్ మీదికి ఏం పంపామో దానికి తెలుసు. తిరిగి వచ్చినదాంట్లో పంపినదాని ఛాయ ఎంత ఉంది, ఎన్ని మిల్లీసెకన్ల తరువాత ఉంది అని లెక్కగట్టి, ఆ ఛాయను తీసేస్తుంది. టెలిఫోన్ మాట సెకనుకు 8,000 శాంపిళ్ళు. లెక్కలో ఒక్కో శాంపిల్‌ను ఒక ట్యాప్ అంటారు. 128 ట్యాప్‌లు పెడితే 16 మిల్లీసెకన్ల వెనక దాకా చూడగలదు, 256 అయితే 32, 1,024 అయితే 128 మిల్లీసెకన్లు. హార్డ్‌వేర్ మాడ్యూల్స్ అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పే 128 మిల్లీసెకన్లు ఇవే. మీ కార్డు హైబ్రిడ్ నుంచి వచ్చే ఎకో మాత్రం కొద్ది మిల్లీసెకన్లలోనే ఉంటుంది, 128 ట్యాప్‌లకు హాయిగా అందుతుంది. అవతలి ఎక్స్ఛేంజీ దాకా పోయి వచ్చేదైతే 256 కావాలి. అవసరం లేకుండా 1,024 పెట్టకండి. పొడుగు పెరిగేకొద్దీ నేర్చుకోవడం నెమ్మదిస్తుంది, ఖాళీ ట్యాప్‌లు లైన్‌లోని గరగరను కూడా ఎకో అనుకుని వెంటపడతాయి.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు అసలు చిక్కు. తిరిగొచ్చినదాంట్లో అవతలి మనిషి గొంతు కూడా ఉంది, దాన్ని ఎకో అనుకుని నేర్చుకుంటే చదివిందంతా పాడవుతుంది. అందుకని అలాంటప్పుడు నేర్చుకోవడం ఆపేస్తుంది. ఇద్దరూ మాట్లాడుతున్నారని కనిపెట్టేది ఎలా? పాత పద్ధతి, గైగెల్ అంటారు, చాలా మోటుది. వచ్చిన శబ్దం ఈమధ్య పంపినదాంట్లో సగం కంటే గట్టిగా ఉంటే అది ఎకో కాదు, మనిషే అనుకుంటుంది. సగం అంటే 6 డెసిబెల్స్. ఇప్పుడు ఆలోచించండి. మీ లైన్ బ్యాలెన్స్ బాగా చెడి, పంపిన మాటలో సగానికి పైగానే తిరిగొస్తోందనుకోండి. క్యాన్సిలర్ ఆ ఎకోనే మనిషి అనుకుని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. కాల్ ఎంతసేపు సాగినా నేర్చుకోదు. “సాఫ్ట్‌వేర్ పెట్టాం, ఏమీ మారలేదు” అన్న ఫిర్యాదుల్లో నేను చూసినవాటికి ఎక్కువగా కారణం ఇదే. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) వాళ్ళు ఎకో క్యాన్సిలర్లకు పెట్టిన జీ.168 ప్రమాణం కూడా హైబ్రిడ్ కనీసం 6 డెసిబెల్స్ ఎకోను తనంతట తానే ఆపుతుందనుకునే రాసింది. హార్డ్‌వేర్ చిప్‌లూ ఆ ప్రమాణానికి కట్టినవే. వాటిలో ఈ గుర్తుపట్టే పద్ధతి మెరుగ్గా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం నెట్టుకొస్తాయి, అంతే.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఎకో మీ సొంత కార్డు దగ్గరే పుడుతోందో అవతల పుడుతోందో తేల్చండి. డయల్‌ప్లాన్‌లో (ఏ నంబర్ నొక్కితే ఏం జరగాలో ఆస్టరిస్క్‌కు చెప్పే ఫైల్) ఒక టెస్ట్ నంబర్ పెట్టండి, అది నొక్కితే మొదటి లైన్ పట్టుకుని 4 అన్న అంకె ఒక్కటే పంపాలి. అంకె పోగానే డయల్ టోన్ ఆగిపోతుంది. మిగతా అంకెల కోసం ఎక్స్ఛేంజీ కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఎదురు చూస్తుంది. ఆ నిశ్శబ్దంలో రిసీవర్ మౌత్‌పీస్ మీద గోటితో టక్కుమని ఒక్కసారి కొట్టి ఆగండి. కాసేపటికి ఇంకో చిన్న “టక్” వినబడిందా? అవతల ఏ మనిషీ లేడు, ఏ ఫోనూ లేదు, కాబట్టి అది మీ కార్డుకీ లైన్‌కీ మధ్య పుట్టిందే. ఇలాగే మిగతా మూడు లైన్లూ ఒక్కొక్కటిగా చేయండి. నాలుగూ ఒకేలా ఉంటే సెట్టింగ్ తేడా. ఒక్క లైనే వేరుగా ఉంటే తీగ తేడా, కంప్యూటర్ ముందు కూర్చుని ఎంత కుస్తీ పట్టినా అది తేలదు.

తీగ సంగతి నల్లగొండలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో చూశాను. మూడు లైన్లు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కదాంట్లో మాత్రం వానాకాలం వస్తే చాలు ఎకో. కార్డులో పోర్టు మార్చినా ఎకో ఆ లైన్ వెంటే వచ్చింది. మేడ మీది నుంచి తీగ పట్టుకుంటూ పోతే గోడకున్న డీపీ బాక్స్‌లో (ఫోన్ తీగలు కలిపే పెట్టె) ఒక జాయింట్ మెలిపెట్టి వదిలేసి ఉంది, టేపు కూడా లేదు. రాగి మీద పచ్చగా చిలుము. రెండు తీగల్లో ఒకదానికే అలా పట్టింది, దాంతో జంట సమతూకం పోయింది. లైన్‌మన్ వచ్చి చిలుము పట్టిన మేర కత్తిరించి, కొత్త డ్రాప్ వైర్ లాగి, జెల్ కనెక్టర్లు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ అదే, సెట్టింగ్ అదే, ఎకో లేదు. ఆ సెంటర్ వాళ్ళు అప్పటికే హార్డ్‌వేర్ కార్డుకు కొటేషన్ తెప్పించుకుని పెట్టుకున్నారు.

మీ మిల్లులో ఇంకో సంగతి కూడా చూడండి. గోడ మీది రోజెట్ బాక్సుల్లోకి ఊక దుమ్ము చేరుతుంది, స్టీమ్ చెమ్మ తోడైతే అది తడిసి రెండు తీగల మధ్య లీకేజీ తెస్తుంది. ఫోన్ తీగను మోటార్ కేబుల్ పక్కనే అదే పైపులో లాగి ఉంటే గుయ్యిమనే కరెంటు హమ్ ఎక్కుతుంది. హమ్ ఎకో కాదు గాని క్యాన్సిలర్ లెక్కను చెడగొడుతుంది. కాబట్టి టెస్ట్ మిల్లు నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగాక ఒకసారి చేయండి.

తీగ బాగుందని తేలాక బ్యాలెన్స్ సరిచేయండి. డ్రైవర్‌లో దేశాన్ని బట్టి లైన్ గుణం ఎంచుకునే ఆపర్‌మోడ్ అనే సెట్టింగ్ ఉంది, ఊరికే వదిలేస్తే అది అమెరికా మీదే ఉంటుంది. ఇండియా అని పెట్టండి. తరువాత ఆస్టరిస్క్ ఆపేసి, ఎఫ్‌ఎక్స్‌ఓ ట్యూన్ అనే చిన్న ప్రోగ్రామ్ నడపండి. అది డాహ్దీ టూల్స్‌తో పాటే వస్తుంది. ఒక్కో లైన్‌ను పట్టుకుని, రకరకాల సర్దుబాట్లు వేసి చూసి, ఎందులో తక్కువ కారుతోందో కొలిచి, ఆ విలువలు ఒక ఫైల్‌లో రాసిపెడుతుంది. సమయం పడుతుంది, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే కొలత చెడుతుంది, అందుకని రాత్రి పూట పెట్టుకోండి. చాలామంది ఇక్కడి దాకా చేసి ఆపేస్తారు. మెషీన్ ప్రతిసారీ ఆన్ అయినప్పుడు ఆ విలువలను మళ్ళీ కార్డులోకి ఎక్కించే ఆదేశం స్టార్టప్‌లో పెట్టకపోతే, కరెంటు పోయి వచ్చిన మర్నాడు ఎకో మళ్ళీ హాజరు. మీ వైపు కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా! మీ కార్డు ఏ రకమో మీరు రాయలేదు. ఈ ప్రోగ్రామ్ అన్ని కార్డుల మీదా పనిచేయదు. ఎక్కువగా దొరికే టీడీఎం400 రకం, దాని నకళ్ళ మీద పనిచేస్తుంది.

ఆ తరువాత గెయిన్. మాట చిన్నగా వినబడుతోందని రిసీవ్ గెయిన్ 8కో 10కో పెంచేసి ఉంటారు, ఎక్కడికి పోయినా ఇదే కనబడుతుంది. పెంచితే అవతలి మాటతో పాటు ఎకో కూడా అంతే పెరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం, గట్టిగా మాట్లాడినప్పుడు అల పై అంచు తెగిపోతుంది. తెగిన అలకూ పంపిన అలకూ సూటి లెక్క కుదరదు, లెక్క కుదరనిదాన్ని ఏ క్యాన్సిలరూ తీసేయలేదు. చిప్ అయినా అంతే. రెండు గెయిన్లూ సున్నాకు తెచ్చి, పంపే గెయిన్‌ను ఇంకో 2, 3 డెసిబెల్స్ కిందికి దించి మొదలుపెట్టండి. మాట నిజంగా చిన్నగా ఉంటే ఐపీ ఫోన్ హ్యాండ్‌సెట్ వాల్యూమ్ పెంచుకోమనండి. డాహ్దీ మానిటర్ పెట్టి చూస్తే మాట్లాడుతున్నప్పుడు గీతలు ఎంత ఎత్తు లేస్తున్నాయో కంటికే కనబడుతుంది, కుడి అంచుకు తగులుతూ ఉంటే ఎక్కువైనట్టే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఏది పెట్టాలన్నది. డాహ్దీకి 2008 దాకా జాప్టెల్ అని పేరు, పాత పేజీల్లో ఆ పేరే ఉంటుంది, కంగారు పడకండి. దాంతో పాటు కేబీ1, ఎస్‌ఈసీ2, ఎంజీ2 అని రకరకాలు వస్తాయి. వాటిలో ఎంజీ2 మేలు, డీఫాల్ట్ కూడా అదే. నేను మాత్రం అనలాగ్ లైన్లకు ఆస్లెక్ పెడతాను. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రో, స్టీవ్ అండర్‌వుడ్ రాసిన స్పాన్‌డీఎస్‌పీ కోడ్ ఆధారంగా దీన్ని తయారుచేశాడు. నాకు దాంట్లో నచ్చేది, అది నేర్చుకునేటప్పుడు రెండు ఫిల్టర్లు నడుపుతుంది. ఒకటి వెనకాల ప్రయోగాలు చేస్తూ ఉంటుంది, అది నిజంగా మెరుగైందని తేలాకే ముందున్నదానిలోకి దింపుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా మాట చెదరకపోవడానికి కారణం అదే. ఆస్లెక్ డాహ్దీతో నేరుగా రాదు. లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సోర్స్‌లోంచి తెచ్చి కలిపి కంపైల్ చేసుకోవాలి. కెర్నల్ అప్‌డేట్ చేసినప్పుడల్లా మళ్ళీ అదే పని. చేసేవాళ్ళు దగ్గర లేకపోతే ఎంజీ2తోనే ఉండండి, బ్యాలెన్స్ బాగుంటే అదీ నెట్టుకొస్తుంది.

ఏది పెట్టినా ఫలితాన్ని చెవితో చదవడం నేర్చుకోండి. కాల్ మొదట్లో ఒకటి రెండు సెకన్లు ఎకో వచ్చి పోతే క్యాన్సిలర్ పని చేస్తున్నట్టు, దాని గురించి బెంగ వద్దు. మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే అసలు నేర్చుకోవడం లేదు. బ్యాలెన్సో గెయినో చూడండి, లేదా ఛానల్ సెట్టింగ్‌లో ఎకో క్యాన్సిల్ ఆన్ చేయడమే మరిచి ఉంటారు. ఇద్దరూ కలిసి మాట్లాడినప్పుడు మాత్రమే ఎకో తిరగబెడితే మనిషిని గుర్తుపట్టే పద్ధతి బలహీనం, ఎంజీ2 నుంచి ఆస్లెక్‌కు మారండి. ఎకో లేదు గాని మాట మొదటి అక్షరం మింగేస్తోంది, “లారీ” అంటే “ఆరీ” అని వస్తోంది అంటే మిగిలిన చిన్న శబ్దాన్ని పూర్తిగా మూసేసే భాగం అతిగా పనిచేస్తోంది. చివరి సంగతి హార్డ్‌వేర్ కార్డుల్లోనూ విన్నాను.

ఇక హార్డ్‌వేర్. అందులోనూ నడిచేది ప్రోగ్రామే అనుకోండి. తేడా ఏమిటంటే ఆ ప్రోగ్రామ్‌కు సొంత చిప్ ఉంది, దానికి వేరే పని లేదు. ఆక్టాసిక్ లాంటి కంపెనీల చిప్‌లు అన్ని ఛానళ్ళకూ ఒకేసారి 128 మిల్లీసెకన్లు చూస్తాయి, నిశ్శబ్దంలో చెవికి వెలితి తెలియకుండా సన్నని గాలి శబ్దం నింపుతాయి. సాఫ్ట్‌వేర్ క్యాన్సిలర్ మీ కంప్యూటర్ ప్రాసెసర్ మీద, కెర్నల్ లోపల, ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి 8 శాంపిళ్ళ చొప్పున లెక్క చేస్తుంది. మీ నాలుగు లైన్లకు, 128 ట్యాప్‌లతో, సెకనుకు దాదాపు 82 లక్షల గుణకారాలు (ఎకో తీసేయడానికి ఒకసారి, నేర్చుకోవడానికి ఇంకోసారి). మీ పాత డెస్క్‌టాప్‌కు అది లెక్కలోకే రాదు. అదే 30 ఛానళ్ళకు 1,024 ట్యాప్‌లైతే దాదాపు 49 కోట్లు. ఇప్పటి ప్రాసెసర్ అదీ చేయగలదు, కాని సమయానికి చేయాలి. హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు అదే ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) కోసం పోటీ పడి ఒక్క మిల్లీసెకను తప్పిందా, పంపిన మాటకూ వచ్చిన మాటకూ వరుస జరిగిపోతుంది. క్యాన్సిలర్ చదివిందంతా మళ్ళీ మొదటికి.

మహబూబ్‌నగర్‌లో ఒక కలెక్షన్ ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. పీఆర్‌ఐ లైన్, ప్రతి కాల్ రికార్డింగ్, అన్నీ ఒకే మెషీన్ మీద. పొద్దున పది దాకా అంతా బాగుండేది. కాల్స్ ఊపందుకున్నాక ఉన్నట్టుండి ఎకో, మళ్ళీ కాసేపటికి మాయం. కార్డు పని సమయానికి జరుగుతోందో కొలిచే డాహ్దీ టెస్ట్ నడిపితే 99.98 శాతం ఆ పైన ఉండాల్సిన అంకె రికార్డింగ్ ఫైళ్ళు డిస్క్ మీదికి రాస్తున్న ప్రతిసారీ కిందికి జారుతోంది. రికార్డింగ్ వేరే డిస్క్ మీదికి మారిస్తే కొంత కుదుటపడింది. హార్డ్‌వేర్ మాడ్యూల్ ఉన్న ఈ1 కార్డు (పీఆర్‌ఐ లైన్‌కు వేసేది) వేశాక పూర్తిగా పోయింది. అక్కడ హార్డ్‌వేర్ డబ్బు దండగ అని నేను ఎప్పుడూ అనను. పక్కన సిస్టమ్ తెలిసిన మనిషి లేని చోట కూడా అదే మేలు, పెట్టి మరిచిపోవచ్చు.

కొంటే మాత్రం రెండు చూసుకోండి. సెకండ్‌హ్యాండ్ కార్డైతే ఎకో మాడ్యూల్ నిజంగా ఉందో లేదో కళ్ళారా చూడండి. చాలా కార్డుల మీద అది విడిగా బిగించే చిన్న బోర్డు, పీకేసి అమ్మితే ఖాళీ సాకెట్ మిగులుతుంది, కార్డు మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి అనుమానం రాదు. రెండోది, చిప్ ఉన్నా ఛానల్ సెట్టింగ్‌లో ఎకో క్యాన్సిల్ “నో” అని ఉంటే అది ఊరికే కూర్చుంటుంది. ఇంకా ఫ్యాక్స్ వాడుతుంటే, 2,100 హెర్ట్జ్ కూతలో మధ్యమధ్య అల తిరగబడితేనే (ఫేజ్ రివర్సల్) క్యాన్సిలర్ తనంతట తాను తప్పుకోవాలన్నది జీ.168 నియమం. మామూలు ఫ్యాక్స్ మెషీన్ కూతలో అది ఉండదు, కాబట్టి తప్పుకోకపోవచ్చు.

ఈ రెండు రకాలూ ముట్టుకోలేని ఎకో ఇంకొకటుంది. సేటు గారు స్పీకర్‌ఫోన్ ఆన్ చేసి, టేబుల్ గ్లాస్ మీద పెట్టి, ఫ్యాన్ కింద మాట్లాడతారు. స్పీకర్‌లోంచి వచ్చిన అవతలి గొంతు గదిలో తిరిగి మైక్‌లో పడుతుంది. అవతలి వ్యాపారికి తన మాట తనకే వినబడుతుంది. కార్డులోని క్యాన్సిలర్ ముఖం లైన్ వైపు తిరిగి ఉంటుంది, దీన్ని చూడనే చూడదు. ఇది ఫోనే చూసుకోవాలి. చవక ఐపీ ఫోన్ల స్పీకర్ అక్కడే దొరికిపోతుంది. సేటు గారి ఒక్క ఫోన్ మంచిది కొంటే చాలు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌ఫోన్ వాడేవాళ్ళకు హెడ్‌సెట్ ఇవ్వండి.

ఆఖరిది, మీ ప్రశ్నలో లేదు గాని అడగకుండా ఉండలేను. మీ లాండ్‌లైన్లు ఇంకా రాగి తీగేనా, ఫైబర్‌కు మారుస్తామని ఎవరైనా వచ్చారా? మారితే చాలామంది చేసేది, ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె వెనకున్న ఫోన్ పోర్టు నుంచి రెండు మీటర్ల తీగ తెచ్చి పాత ఎఫ్‌ఎక్స్‌ఓ కార్డులో గుచ్చడం. డిజిటల్‌గా వచ్చిన మాటను అనలాగ్ చేసి, ఆ రెండు మీటర్ల దూరంలోనే మళ్ళీ డిజిటల్ చేయడం అన్నమాట. మధ్యలో మనమే రెండు హైబ్రిడ్లు కొని పెట్టుకున్నట్టు. పైగా తీగ చిన్నది కాబట్టి మాట కిలోమీటర్లు నడిచి తగ్గకుండా గట్టిగా వచ్చి పడుతుంది, గెయిన్ పాతదే ఉంటే అల అంచు తెగుతుంది. ఫైబర్ ఇచ్చేవాళ్ళను సిప్ ట్రంక్‌గా, అంటే మాటను ప్యాకెట్లుగానే నేరుగా ఆస్టరిస్క్‌కు, ఇవ్వగలరా అని అడగండి. ఇస్తే మీ వైపు రెండు తీగల లైనే ఉండదు, కార్డూ ఉండదు. అవతల అనలాగ్ లైన్ ఉంటే దాని ఎకో ఆ కొసన ఉన్న గేట్‌వే చూసుకోవాలి. ఏడాదిలోపు ఫైబర్ వస్తుందనుకుంటే హార్డ్‌వేర్ కార్డుకు రూపాయి కూడా పెట్టకండి.

ముందైతే ఆ గోటి టెస్ట్ నాలుగు లైన్లకూ చేయండి, మిల్లు ఆగినప్పుడు, నడుస్తున్నప్పుడు. ఏ లైన్‌లో ఏం వినబడిందో, కార్డు మోడల్, ఇప్పుడున్న గెయిన్ అంకెలు ఇక్కడే కింద రాయండి. చూసి ఎన్ని ట్యాప్‌లు పెట్టాలో, లైన్‌మన్‌ను పిలవాలో వద్దో చెప్తాను.